పన్నెండు జతల కాళ్ళు: ఒక జెర్రి బాల్యం, ఒక అడవి ముక్క

కాళ్ళజెర్రికి ఒక కాలు విరిగితే లెక్కా అని తెలుగులో ఒక సామెత. ఉన్నవాడికి కొంత పోయినా లోటు తెలియదని దాని భావం. జనవ్యవహారంలో జెర్రి కాళ్ళు లెక్కకు అందనివి. జంతుశాస్త్రంలో మాత్రం ఆ లెక్కకు చాలా విలువ ఉంది. ఎదిగిన జెర్రికి కాళ్ళ జతలు 15 నుంచి 191 దాకా ఎన్నైనా ఉండవచ్చు. కానీ ఆ సంఖ్య దాదాపు ఎప్పుడూ బేసి సంఖ్యే. కొన్ని జాతుల్లో పిల్ల తక్కువ కాళ్ళతో పుట్టి, కుబుసం విడిచినప్పుడల్లా కొన్ని చేర్చుకుంటుంది. మరికొన్నిటిలో పూర్తి కాళ్ళతోనే గుడ్డు నుంచి బయటపడుతుంది. ఈ రెండు పద్ధతుల మధ్య నిలిచే జెర్రి ఒకటుంది. అది టాస్మానియాలోనూ న్యూజీలాండ్‌లోనూ తప్ప మరెక్కడా కనిపించదు. దాని పిల్ల 12 జతల కాళ్ళతో పుట్టి, ఒక్క కుబుసంతో 15 జతలకు చేరుతుంది. ఆ జెర్రిని న్యూజీలాండ్‌లో తొలిసారి నమోదు చేసిన పని క్రైస్ట్‌చర్చ్ నగరంలో జరిగింది. అటువంటి జీవులు బ్రతికే అడవినేల ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఆ నగరంలోనే ఒక ముక్క మిగిలింది. దాని పేరు రిక్కార్టన్.

రిక్కార్టన్ అడవి

1843లో విలియం, జాన్ డీన్స్ అనే స్కాట్లండ్ సోదరులు కాంటర్బరీ మైదానంలో స్థిరపడ్డారు. ఏర్‌షైర్‌లోని తమ స్వస్థలం పేరునే కొత్త పొలానికి రిక్కార్టన్ అని పెట్టుకున్నారు. వారి ఇంటి వెనుక మావోరీలు పుటారింగామోటు అని పిలిచే చిత్తడి అడవి ఉండేది. అందులో ప్రధానమైన వృక్షం కహికటేయ. నీరు నిలిచే నేలలో నిటారుగా పెరిగే ఈ చెట్లు ఒకప్పుడు ఆ మైదానపు పల్లాలలో విస్తారంగా ఉండేవి. వలసదారులు కలప కోసం వాటిని నరికారు, పచ్చిక కోసం చిత్తడిని ఎండగట్టారు. విలియం 1851లో సముద్రంలో మునిగి మరణించాడు. జాన్ 1854లో చనిపోతూ, మిగిలిన అడవిని కాపాడమని భార్య జేన్‌ను కోరాడు. ఆమె ఆ మాట నిలబెట్టింది. 1914లో ఒక ప్రత్యేక చట్టం ద్వారా ఆ అడవి క్రైస్ట్‌చర్చ్ ప్రజల పరమైంది. నేడు దాని విస్తీర్ణం 8 హెక్టార్లకు కొంచెం తక్కువ.

ఒక అడవిని కాపాడడమంటే చెట్లను కాపాడడమని మాత్రమే చాలామంది తలుస్తారు. రిక్కార్టన్ విషయంలో అంతకన్నా విశాలంగా ఆలోచించిన పండితులు తొలినుంచీ ఉన్నారు. కాంటర్బరీ కాలేజీలో జీవశాస్త్రాచార్యుడైన చార్లెస్ చిల్టన్ వారిలో ముఖ్యుడు. ఆయన భూగర్భజలాల్లో బ్రతికే కళ్ళులేని చిన్న రొయ్యజాతి జీవులను బావినీళ్ళలో గుర్తించి లోకానికి తెలిపినవాడు. 1924లో రిక్కార్టన్ అడవిపై ఒక గ్రంథానికి సంపాదకత్వం వహించి, క్రైస్ట్‌చర్చ్ పరిసరాల్లో ఒకప్పుడున్న కహికటేయ చిత్తడి అడవికి అది ఒక అవశేషమని ఆ గ్రంథం పేరులోనే సూచించాడు. కంటికి ఆనని జీవులను వెతకడం అలవాటైన వాడికి అడవి అంటే దాని నేల కూడా.

గుడ్డులో చరిత్ర

చిల్టన్‌కు ముందు ఆ పీఠంలో ఉన్న ఆర్థర్ డెండీ కూడా ప్రాణుల తొలిదశల మీదే దృష్టి పెట్టినవాడు. ఆస్ట్రేలియాలో ఉండగా ఆయన పెరిపేటస్ అనే మెత్తని, మొద్దుకాళ్ళ జీవి అక్కడ గుడ్లు పెట్టడాన్ని గురించి రాశాడు. దాని బంధుజాతుల్లో అంతవరకు తెలిసినవి పిల్లల్ని కనేవి. క్రైస్ట్‌చర్చ్‌కు వచ్చాక, 1899లో, న్యూజీలాండ్‌కే ప్రత్యేకమైన టువటారా అనే సరీసృపం గుడ్డులో ఎలా రూపొందుతుందో వివరించాడు. పందొమ్మిదో శతాబ్ది చివరి పాతికేళ్ళలో ఇటువంటి పరిశోధనకు ఒక పెద్ద ఆశ తోడుగా ఉండేది. ప్రాణి పిండదశలో దాని వంశచరిత్ర కొంతైనా కనిపిస్తుందన్నదే ఆ ఆశ. దానిని అతిగా నమ్మినవారు పొరబడ్డారు. అయినా పిండాన్ని చూడకుండా బంధుత్వాలు తేల్చలేమన్న గ్రహింపు మాత్రం నిలిచింది.

జెర్రుల విషయంలో ఈ పని ఐరోపాలో మొదలైంది. 1875లో ఇల్యా మెచ్నికోవ్ జియోఫైలస్ అనే పొడవాటి మట్టిజెర్రి పిండాభివృద్ధిని వర్ణించాడు. తరువాత రోగనిరోధక శక్తిపై పరిశోధనకు 1908లో నోబెల్ బహుమతి పొందినవాడు ఈయనే. 1880 ప్రాంతంలో ఎరిక్ హాసే జెర్రులను వాటి ఎదుగుదలను బట్టి రెండుగా విభజించాడు. పుట్టిన తరువాత ఖండాలు, కాళ్ళు చేర్చుకునేవి ఒక వర్గం. అన్నిటితోనూ పుట్టేవి రెండో వర్గం. 1901లో రిషర్డ్ హైమన్స్ స్కోలోపెండ్రా పిండంపై వెలువరించిన గ్రంథం ఈ రంగంలో చాలాకాలం ప్రమాణంగా నిలిచింది.

ఈ పరిశీలనలు చూపిన క్రమం ఇది. గుడ్డులో ఎక్కువ భాగం సొనే. ఆ సొన ఉపరితలం మీద ఒకచోట కణాలు గుమికూడి పట్టీలా ఏర్పడతాయి. దాని ముందుకొన తల అవుతుంది. వెనుకకొన దగ్గర ఎదుగుదల సాగే ప్రాంతం ఉంటుంది. ముందునుంచి వెనక్కి ఒకదాని తరువాత ఒకటిగా అడ్డచారలు తేలతాయి, అవే ఖండాలు. ప్రతి ఖండానికి ఇరువైపులా చిన్న మొగ్గలు పుడతాయి. ముందువైపు మొగ్గలు మీసాలుగా, దవడలుగా మారతాయి. తల వెనుక తొలిఖండం మీది జత విషపు కొండీలవుతుంది. అంటే జెర్రి కాటువేసేది నోటితో కాదు, మార్పు చెందిన కాళ్ళతో. ఆ తరువాతి ఖండాలకు నడిచే కాళ్ళు వస్తాయి. ఖండానికి ఒకే జత కాళ్ళుండడం జెర్రి లక్షణం. రోకలిబండకు చాలా ఖండాల్లో రెండేసి జతలు కనిపిస్తాయి.

రెండు దారులు

ఇప్పుడున్న జెర్రులు ఐదు క్రమాలకు చెందుతాయి. ఇళ్ళ గోడల మీద వేగంగా పరుగెత్తే పొడుగుకాళ్ళ స్క్యుటిజెరా మొదటి క్రమానిది. దాని పిల్ల 4 జతల కాళ్ళతో పుట్టి 5, 7, 9, 11, 13 మెట్లు దాటి 15కు చేరుతుంది. రాళ్ళకింద దొరికే లిథోబియస్ రెండో క్రమానిది. దానిలో బాగా పరిశీలించిన ఐరోపా జాతి పిల్లకు తొలుత 7 జతలుంటాయి. తరువాత 8, 10, 12, చివరకు 15. ఈ రెండు క్రమాల్లో తల్లి గుడ్లను ఒక్కొక్కటిగా నేలలో వదిలి వెళ్ళిపోతుంది.

తెలుగునాట జెర్రి అనగానే గుర్తుకు వచ్చే పెద్ద విషజెర్రులు స్కోలోపెండ్రా క్రమానివి. వాటికి సాధారణంగా 21 లేదా 23 జతలు. సన్నగా, పొడవుగా ఉండే మట్టిజెర్రులు జియోఫైలస్ క్రమానివి. వాటికి 27 నుంచి 191 దాకా ఉంటాయి. ఈ రెండు క్రమాల్లో ఖండాలన్నీ గుడ్డులోనే సిద్ధమవుతాయి. తల్లి గుడ్లగుత్తిని చుట్టుకుని కాపలా కాస్తుంది. గుడ్డు పగిలాక కూడా పిల్లలు కొన్ని దశల వరకు కదల్లేని స్థితిలో తల్లి ఒడిలోనే ఉంటాయి. మట్టిజెర్రుల్లో వీటిలో మొదటి దశకు పెరిపేటస్ పోలికతోనే పేరు పెట్టారు. ఈ సమయంలో తల్లిని కదిలిస్తే అది గుడ్లను వదిలేయడమో తినివేయడమో జరుగుతుంది.

ఒక విశేషం ఇక్కడే గమనించాలి. బేసి నియమం ఎదిగిన జెర్రులకే వర్తిస్తుంది. స్క్యుటిజెరా పుట్టేటప్పటి 4, లిథోబియస్ మధ్యదశల్లోని 8, 10, 12 సరిసంఖ్యలు. లిథోబియస్ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి చివర మూడు మెట్లు ఒక్కసారిగా ఎక్కుతుంది.

మధ్యలో నిలిచినది

1902లో బ్రిటిష్ మ్యూజియంలోని రెజినాల్డ్ పోకాక్ టాస్మానియా నుంచి వచ్చిన ఒక జెర్రికి క్రాటెరోస్టిగ్మస్ టాస్మానియానస్ అని పేరు పెట్టాడు. వర్గాలను కలిపే కొత్తరకం అని దానిని పరిచయం చేశాడు. అలా అనడానికి కారణం దాని దేహంలోనే ఉంది. కాళ్ళ జతలు లిథోబియస్‌కు లాగే 15. వీపు మీది ఫలకాలు మాత్రం 21. పొడవైన ఫలకాలు కొన్ని రెండుగా చీలడం వల్ల ఆ సంఖ్య వచ్చింది. కింది నుంచి లెక్కపెడితే ఒక క్రమాన్ని, పైనుంచి లెక్కపెడితే మరో క్రమాన్ని గుర్తుచేసే జంతువు అది.

గిల్బర్ట్ ఆర్చీ 1890లో ఇంగ్లండ్‌లోని యార్క్‌లో పుట్టి, బాల్యంలోనే న్యూజీలాండ్ చేరాడు. చిల్టన్ ఆచార్యుడుగా ఉన్న కాలంలో కాంటర్బరీ కాలేజీలో చదివాడు. రిక్కార్టన్ చట్టం వచ్చిన 1914లోనే కాంటర్బరీ మ్యూజియంలో సహాయ పర్యవేక్షకుడుగా చేరాడు. 1917లో న్యూజీలాండ్ ఇన్‌స్టిట్యూట్ సంపుటంలో ఆయన వ్యాసాలు రెండు వచ్చాయి. ఒకటి ఆ దేశపు లిథోబియస్ క్రమం జెర్రులపై సమీక్ష. రెండోది రెండు పుటల చిన్న వ్యాసం. టాస్మానియాకే పరిమితమనుకున్న క్రాటెరోస్టిగ్మస్ న్యూజీలాండ్‌లోనూ ఉందని అందులో తెలిపాడు.

ఆ జెర్రి కుళ్ళిన దుంగల్లోనూ రాలిన ఆకుల కిందా తేమలో బ్రతుకుతుంది. దాని తొలిదశలను పరిశీలించినవారికి రెండు సంగతులు తెలిశాయి. తల్లి గుడ్లను, పిల్లలను చుట్టుకుని కాపాడుతుంది. ఇది స్కోలోపెండ్రా పద్ధతి. పిల్ల 12 జతలతో పుట్టి తరువాతి కుబుసంతో 15కు చేరుతుంది. పుట్టిన తరువాత కాళ్ళు చేర్చుకోవడం లిథోబియస్ పద్ధతి. లిథోబియస్ చివరి మెట్టు కూడా 12 నుంచి 15కే. దాని మెట్లన్నిటిలో ఆ ఒక్కటి మాత్రమే క్రాటెరోస్టిగ్మస్‌లో గుడ్డు బయట మిగిలిందని చెప్పవచ్చు.

గుడ్డు లోపల ఎంత జరుగుతుంది, బయట ఎంత మిగులుతుంది అన్న ప్రశ్న ఆర్చీ మరో పనిలోనూ ఎదురవుతుంది. 1922లో ఆయన న్యూజీలాండ్ దేశీయ కప్ప లియోపెల్మా జీవితచక్రాన్ని వర్ణించాడు. దానికి నీళ్ళలో స్వేచ్ఛగా ఈదే తోకకప్ప దశ లేదు. ఎదుగుదలలో ఎక్కువ భాగం గుడ్డులోనే ముగుస్తుంది. ఆయన దానిని అప్పటికి తెలిసిన హోక్‌స్టెటర్ కప్ప అనుకున్నాడు. 1942లో టర్బట్ అది వేరే జాతి అని గుర్తించి లియోపెల్మా ఆర్చీయి అని పేరు పెట్టాడు. జెర్రి విషయంలోనూ ఇలాగే జరిగింది. న్యూజీలాండ్ క్రాటెరోస్టిగ్మస్ టాస్మానియా జాతి కాదని 2008లో ఎడ్జ్‌కోంబ్, జిరిబెట్ దేహనిర్మాణంతోనూ జన్యు ఆధారాలతోనూ నిర్ధారించి, క్రాటెరోస్టిగ్మస్ క్రాబిల్లి అనే పేరిచ్చారు. రెండు చోట్లా పేరు మారింది. ఆర్చీ నమోదు చేసిన విషయం మాత్రం పనికివస్తూనే ఉంది.

ఆర్చీ 1924లో ఆక్లాండ్ మ్యూజియం అధిపతిగా వెళ్ళి, 1936, 37 సంవత్సరాల్లో న్యూజీలాండ్ జెర్రులన్నిటినీ తిరిగి సమీక్షించాడు. మోవా పక్షుల మీద, మావోరీ కళ మీద ఆయన చేసిన కృషికి వచ్చిన పేరు ముందు జెర్రుల పని మరుగున పడింది.

చారలు పుట్టే తీరు

ఖండాలు ఒకటొకటిగా ఎందుకు, ఎలా పుడతాయన్న ప్రశ్నకు జవాబు సూక్ష్మదర్శిని ఒక్కదానితో దొరకలేదు. ఆ జవాబు కొంతవరకు మరో సముద్రతీరం నుంచి వచ్చింది. స్కాట్లండ్ ఈశాన్యతీరంలో బ్రోరా దగ్గర గులకరాళ్ళ కింద స్ట్రిగామియా మారిటిమా అనే మట్టిజెర్రి గుత్తులుగా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లను సేకరించి చిప్‌మన్, ఆర్థర్, ఏకమ్ 2004లో ఒక ఫలితం ప్రకటించారు. ఖండాల స్థానాన్ని నిర్ణయించే కొన్ని జన్యువులు మొదట రెండు ఖండాలకు ఒక చార చొప్పున పనిచేస్తాయి. తరువాత ఆ చారల నడుమ కొత్త చారలు లేచి, ఖండానికి ఒకటి చొప్పున అవుతాయి. అంటే తొలి కొలమానం ఖండం కాదు, ఖండాల జంట.

బేసి నియమానికి ఇది అందమైన వివరణ అనిపించింది. కాళ్ళ జతలు బేసి. విషపు కొండీల ఖండాన్ని కలిపితే సరి. జంటలుగా పుట్టినవి జంటలుగానే మిగులుతాయి. అయితే 2013లో బ్రేనా, ఏకమ్ పిండదశ మొత్తాన్ని అనుసరించినప్పుడు, ముందుభాగపు ఖండాలు జంటలుగా వేగంగానూ, వెనుకభాగపు చివరి ఖండాలు ఒక్కొక్కటిగా నిదానంగానూ వస్తాయని తేలింది. ఒక్కొక్కటిగా చేరిక సాగినా చివరి మొత్తం బేసి దగ్గరే ఆగుతుంది. ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఏమిటన్న ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

ఈ జెర్రిలో ఆ సంఖ్య జాతికంతటికీ ఒకటే కాదు. బ్రిటన్‌లో దక్షిణానికి వెళ్ళే కొద్దీ కాళ్ళ జతల సగటు పెరుగుతుంది. గుడ్డు ఎదిగే కాలపు ఉష్ణోగ్రతకు కూడా ఇందులో పాత్ర ఉందని 2008లో ప్రయోగం చూపింది. లిథోబియస్‌లో 15 కట్టుదిట్టంగా నిలిచే సంఖ్య. స్ట్రిగామియాలో అది ఎండకూ చలికీ కొంత లొంగుతుంది. అదే 2008లో బ్రెజిల్ నుంచి వర్ణించిన స్కోలోపెండ్రాప్సిస్ డూప్లికాటా అనే జెర్రికి 39 లేదా 43 జతలు. దాని సమీప బంధువుకు 21 లేదా 23. 21 నుంచి 39కి నడుమ మెట్లు కనిపించకపోవడం వల్ల, ఖండాల సంఖ్య ఒక్కదెబ్బతో ఇంచుమించు రెట్టింపు అయి ఉంటుందని పరిశోధకులు భావించారు. 2014లో స్ట్రిగామియా జన్యుపటం వెలువడింది. జెర్రులు, రోకలిబండలు ఉన్న బహుపాదుల సమూహంలో అదే మొదటిది.

అదే సంవత్సరం ఐదు క్రమాల బంధుత్వాన్ని పెద్దయెత్తున జన్యు సమాచారంతో పరీక్షించిన ఒక పరిశోధన పాత నమ్మకాన్ని కదిలించింది. తల్లి కాపలా ఉన్న మూడు క్రమాలు, అంటే క్రాటెరోస్టిగ్మస్, స్కోలోపెండ్రా, జియోఫైలస్, ఒకే కొమ్మ అని అంతవరకు ఎక్కువమంది భావించేవారు. ఆ విశ్లేషణలో లిథోబియస్ తక్కిన రెండిటికి దగ్గరగా చేరి, క్రాటెరోస్టిగ్మస్ బయట నిలిచింది. అదే నిజమైతే తల్లి కాపలా రెండుసార్లు పుట్టి ఉండాలి, లేదా ఒకసారి పుట్టి లిథోబియస్ వంశంలో పోయి ఉండాలి. 12 నుంచి 15కు చేరే పిల్లను నిచ్చెనలో నడిమి మెట్టుగా చూడడం కూడా అప్పుడు అంత సులువు కాదు.

నేల మిగిలితేనే

ఈ చర్చలన్నీ ఆధారపడే సాక్ష్యం చాలా సున్నితమైనది. పెద్ద జెర్రిని సీసాలో వేసి వందేళ్ళు దాచవచ్చు. తొలిదశలు కావాలంటే మాత్రం కదలించని దుంగ, ఆరిపోని తేమ, బెదరని తల్లి కావాలి. క్రాటెరోస్టిగ్మస్ క్రమానికి ఇప్పుడు మిగిలినవి రెండే వర్ణిత జాతులు. ఒక క్రమం మొత్తపు బాల్యం రెండు దేశాల అడవినేలల మీద ఆధారపడి ఉంది.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. హైదరాబాదులోని సీసీఎంబీలో జాహ్నవి జోషి బృందం ద్వీపకల్ప భారతదేశపు జెర్రుల వంశచరిత్రపై పనిచేస్తోంది. ఆమె, ప్రవీణ్ కరంత్ 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, దక్షిణ భారతంలోని కొన్ని స్కోలోపెండ్రా వంశాలు భారత ఫలకం గోండ్వానా నుంచి విడివడిన నాటి ప్రాచీనత కలవి. న్యూజీలాండ్ భూభాగం కూడా అదే మహాఖండం నుంచి విడిపోయింది. ఎత్మోస్టిగ్మస్ ప్రజాతి జెర్రులు పశ్చిమ కనుమల నుంచి తూర్పు కనుమల దిక్కుకు విస్తరించిన తీరును 2019 నాటి మరో పరిశోధన వివరించింది. ఈ వంశాల్లో పిల్ల 21 జతలూ గుడ్డులోనే సమకూర్చుకుంటుంది. కనుమల్లో రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టిన చోట మొదట పోయేది ఆ గుడ్ల కాపలానే.

రిక్కార్టన్ అడవి చుట్టూ 2000లో ఎలుకలు, పిల్లుల వంటివి చొరబడకుండా కంచె కట్టారు. కాంటర్బరీ విశ్వవిద్యాలయం నగరమధ్యం నుంచి దానికి సమీపంలోని ఐలమ్‌కు 1975 నాటికి పూర్తిగా తరలివచ్చింది. జేన్ డీన్స్ నిలబెట్టినది ఒక మరణశయ్య మీది మాట. ఆమె దృష్టిలో ఉన్నవి కహికటేయ చెట్లే కావచ్చు. కానీ చెట్టు నిలిచినచోట ఆకు రాలుతుంది, దుంగ కుళ్ళుతుంది, దాని కింద ఒక తల్లి తన గుడ్లను చుట్టుకుని పడుకునే వీలుంటుంది. కాళ్ళజెర్రి కాళ్ళు లెక్కించాలనుకునే వారికి కావలసినది ముందుగా ఆ చోటు.